పడవమ్మ ముక్క

వరదానాన్ని మనం చర్చి పక్క హాల్లో, ఆఖరి వరసలో, ఒక కాలు పొట్టైన కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కూర్చున్న మనిషి ఇంకా అలాగే ఉన్నాడు, కదిలితే కుర్చీ టక్కుమంటుందని భయపడుతూ. చొక్కా జేబులో జపమాల పక్కన వేలెడు పొడుగు ఫిల్ము ముక్క ఉంది. ఆరే ఆరు బొమ్మలు. లేచి నిలబడి, అది చూపించి, నిజం చెప్పేద్దామని తెచ్చాడు. పొద్దుట పూజలో మోకాళ్ళ మీద ఉండగా ఆ ధైర్యం వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక సగం పోయింది.

ఇప్పుడే వచ్చి చాప మీద చోటు వెతుక్కుంటున్న వాళ్ళకోసం జరిగింది మళ్ళీ చెబుతాను. పాతవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

వరదానం అనకాపల్లి బెల్లం హాల్లో ఇరవై రెండేళ్ళుగా ఆపరేటరు. నూకరాజు గారు తన తండ్రి బెల్లం దిమ్మలు దాచిన గోడౌనుకి తెర కట్టి సినిమా హాలు చేశారు. అసలు పేరు గోడ మీద ఉంది గానీ జనం నోట్లో బెల్లం హాలే. 2003 దసరాలకి అక్కడ ‘రెక్కల రాజ్యం’ వచ్చింది. దొరల దేశంలో ఎవరో రాసిన ఏడొందల పేజీల మాయల నవలని సినిమా తీస్తే, మద్రాసులో దానికి తెలుగు మాటలు వేశారు. అందులో పొగమంచు ఏట్లో కుర్రరాజుని అవతలి ఒడ్డుకి చేర్చే ముసలి పడవమ్మ ఉంది. ఆమెకి గొంతు ఇచ్చింది జాయ్స్. వరదానానికి వరసకు చెల్లెలైన లూర్దు మేరీ కూతురు. ఆ పిల్ల జ్ఞానస్నానానికి వరదానమే జ్ఞానతండ్రి.

లూర్దు మేరీ వీధి వీధంతా కలిపి నలభై మందిని మొదటి రోజు మేట్నీకి నడిపించుకెళ్ళింది. తెర మీద కుర్రరాజు ఇవతలి ఒడ్డున నిలబడ్డాడు. రెప్ప వేసి తీసేసరికి అవతలి ఒడ్డున ఉన్నాడు. పడవ లేదు, పడవమ్మ లేదు. వైజాగులో ఆ సినిమా అప్పటికే ఎత్తేశారు. తెలుగులో డిస్కు రానేలేదు. ఎక్కడికన్నా వెళ్ళి చూసి రుజువు తెచ్చుకునే దారి లేకపోయింది. పంతొమ్మిది నెలలుగా జాయ్స్‌కి వీధిలో ‘పడవమ్మ’ అనే ఎకసెక్కం ఒక్కటే మిగిలింది.

ఆ పడవని ముంచింది వరదానం కత్తెర. ఆ సంగతి మనకి తెలుసు. ఆ వేళ చర్చి హాల్లో ఉన్న డెబ్భై మందికి తెలీదు.

*

“ఇటు చూడండి” అంటూ ఇమ్మాన్యుయేల్ మేస్టారు గోడకి అంటించిన చార్టు మీద స్కేలుతో కొట్టాడు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మనిషి. వేసవి సెలవులకి కుర్రకారుకి ఏదన్నా పనికొచ్చే ముక్క చెప్పమని ఫాదర్ అడిగితే, ‘రెక్కల రాజ్యం’ చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెట్టి చూపిస్తానన్నాడు. బల్ల మీద ఒక టీవీ, రెండు ప్లేయర్లు. “హాళ్ళలో ఆడిన చిన్న సినిమా రెండు గంటల ముప్పై ఒక్క నిమిషం. డిస్కు మీద ఇప్పుడొచ్చిన పెద్దది మూడు గంటల పద్దెనిమిది, ఇంగ్లీషులోనే ఉంది. చిన్నది నా దగ్గరున్నది దొంగ సీడీ. క్షమించాలి ఫాదర్. మన బెల్లం హాల్లోనే ఎవరో కెమేరా దాచి తీశారు.”

జనం నవ్వారు. ఫాదర్ కూడా నవ్వి, వెంటనే గొంతు సవరించుకున్నాడు.

మేస్టారు గంటన్నర పాటు అటు పది నిమిషాలూ ఇటు పది నిమిషాలూ వేసి చూపించాడు. రెక్కల గుర్రం పుట్టడం పెద్దదాంట్లో ఉంది, చిన్నదాంట్లో లేదు. గద్దల కొలువు పెద్దదాంట్లో పదకొండు నిమిషాలు, చిన్నదాంట్లో రెండు.

“ఏటి మేస్టారూ, పొడుగుదే బాగుంటాదంటే ఎలాగ?” అన్నాడు అప్పారావు. లూర్దు మేరీ పక్కింటి చెరకు రైతు, ఆనాటి నలభై మందిలో ఒకడు. “గద్దలన్నీ కూకోని పదకొండు నిమిషాలు మాటాడుకున్నాయి. మా పంచాయితీ మీటింగే నయం, టీ అయినా ఇత్తారు.”

“నిజమే అప్పారావు గారూ. నవల్లో కూడా ఆ చోట నాకు నిద్రొచ్చింది. పెద్దదైనంత మాత్రాన గొప్పది కాదు. గానుగలో రసం తీసి పిప్పి పారేస్తాం, తప్పు లేదు. పిప్పి ఉంచి రసం పారేసిన చోటు ఒకటుంది. అది చూడండి.”

ఏ చోటో వరదానానికి తెలుసు.

ముందు దొంగ సీడీ వేశాడు. ఇవతలి ఒడ్డున కుర్రరాజు. ఏదో వాయిద్యం సాగుతూ సాగుతూ గొంతు నొక్కినట్టు ఆగింది. అవతలి ఒడ్డు. ఆ వెంటనే చీకట్లోంచి సీడీలో ఎవరో “సమోసా... వేడి సమోసా” అని అరిచారు. హాలు గొల్లుమంది. అది బెల్లం హాల్లో సమోసాలమ్మే దేముడి గొంతని పోల్చుకోలేని వాళ్ళు ఊళ్ళో లేరు.

తరవాత డిస్కు వేశాడు. పొగమంచు, నల్లటి నీళ్ళు, ముడతల మొహం ముసలమ్మ తెడ్డు వేస్తూ కుర్రాడితో ఏదో చెబుతోంది.

“నవల్లో ఈ ముసలమ్మకి ముప్పై పేజీలు. ఆ కుర్రాడు రాజు అయింది యుద్ధంలో కాదండీ, ఈ పడవలో. దీన్ని తీసేసిన వాడికి చదువైనా లేదు, గుండైనా లేదు!”

వరదానం తల దించుకుని కాళ్ళ మధ్య నేలని చూశాడు. కోసిన పూట గుండెతో పని పడలేదు, గడియారంతోనే పని. ఫస్ట్ షో ఆరున్నరకి మొదలెడితే, ఇంటర్వెల్ కలుపుకుని, తొమ్మిదింపావుకి జనాన్ని వదలాలి. తొమ్మిదీ ఇరవైకి రోలుగుంట ఆఖరి బస్సు. అది తప్పిపోతే కొండవార జనం మళ్ళీ బెల్లం హాలు మొహం చూడరు. అందుకని పొడుగు సినిమా ఏది వచ్చినా నూకరాజు గారు “రోలుగుంట కోత వెయ్యి” అనేవారు. ఈసారి ఏడు నిమిషాలు. రీళ్ళ డబ్బా పై ఊరి హాలుకి వెళ్ళే ముందు కోసిన ముక్కలు తిరిగి అతికించాలన్నది కట్టుబాటు. కొయ్యడానికీ ఒక పద్ధతి ఉంది: ఫైటు జోలికి పోకు, పాట జోలికి పోకు, ముసలాళ్ళు మాట్లాడుకునే చోట కొయ్యి. వరదానం రీలు విప్పి వెలుతురుకి పట్టాడు. పడవలో ముసల్ది, ఎదురుగా కుర్రాడు. నాలుగు నిమిషాలు సరిగ్గా వస్తుంది. జాయ్స్ ఎవరికి గొంతు ఇచ్చిందో అప్పటికి తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చేతిలో పట్టుకున్న ఫిల్ము చూడ్డానికే గానీ వినడానికి ఉండదు. కోశాడు.

మేట్నీలో కేబిన్ కన్నంలోంచి చూస్తే, కిందన లూర్దు మేరీ ఇస్త్రీ చీరలో లేచి నిలబడి అటూ ఇటూ చూస్తోంది. అప్పుడు తెలిసింది. ఫస్ట్ షోకే ఇది అతికించి, బదులు ఇంకో చోట కోసి ఉండొచ్చు. రేపు చెబుదాం అనుకున్నాడు.

“ఏయ్ పడవమ్మా!” వెనక బెంచీలోంచి ఎవరో పిలిచారు. “ఇంగిలీసు మాకు తెలీదు. నువ్వు సెప్పు మరి, ఏటంటందో ముసల్ది!”

నవ్వులు. జాయ్స్ ముందు వరసలో, గోడ వారగా ఉంది. మేస్టారు ఇబ్బందిగా చూసి, “వద్దులే అమ్మా” అన్నాడు. ఆ పిల్ల లేచింది. “ఇంకోసారి వెయ్యండి సార్, సౌండు తగ్గించి” అంది.

వేశాడు. ముసలమ్మ పెదవులు కదిలాయి. జాయ్స్ నోరు తెరిచింది.

“దిగినాక ఎనక్కి సూడకు నాయినా. నువ్వు సూత్తే నాకు ఏడుపొత్తాది. నా కన్నీరు పడితే పడవ బరువెక్కుద్ది. ఇంకా సేలామందిని దాటించాలి నేను.”

తెర మీది పెదవులు ఎక్కడ మూసుకున్నాయో మాట అక్కడ ఆగింది. ఎక్కడ ఊపిరి తీసుకుందో ఇక్కడా అక్కడే ఊపిరి. ఇరవై రెండేళ్ళ పిల్ల గొంతు కాదది. ఆరేళ్ళ కిందట చచ్చిపోయిన లూర్దు మేరీ తల్లి గొంతు. చిన్నప్పుడు వరదానానికి గంజిలో ఉప్పేసి పోసిన పిన్ని గొంతు. లూర్దు మేరీ చెంగు నోట్లో కుక్కుకుంది.



ఇమ్మాన్యుయేల్ మేస్టారు రిమోటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తరవాత డిస్కు అట్ట తిప్పి చదివాడు. చార్టు వైపు చూశాడు.

“ఆగండాగండి. హాళ్ళలో వేసిన చిన్న సినిమా నూట యాభై ఎనిమిది నిమిషాలని ఇక్కడ రాసుంది. బెల్లం హాల్లో నేను వాచీ పెట్టి చూసింది నూట యాభై ఒకటి. ఏడు నిమిషాలు ఎక్కడికి పోయాయి? పైగా ఆ మ్యూజిక్ చూడండి, కొడవలితో కోసినట్టు తెగింది. కంపెనీ ఎడిటరు అలా తెంపుతాడా?” కళ్ళు వెతుక్కుంటూ ఆఖరి వరసకి వచ్చాయి. “వరదానం గారూ, మీరే ఉన్నారుగా! మీరు చెప్పండి. సినిమా వేసిన మనిషి మీరు.”

డెబ్భై తలలు వెనక్కి తిరిగాయి. జాయ్స్ కూడా తిరిగింది. కోపం లేదు ఆ చూపులో. ఆశ ఉంది. వరదానాన్ని చంపింది అదే.

చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. వేలికి ఫిల్ము అంచు తగిలింది.

“సివర పేర్లు పడతాయి కదండి మేస్టారూ” అన్నాడు. “జనం లేసిపోతారని ఆపేత్తాం. ఏడు నిమిషాలూ అయ్యే.”

“మరి ఈ పడవ?”

“అది కంపెనీవోళ్ళ కోతేనండి. మాకొచ్చిన డబ్బాలో నేదు.”

బైబిల్లో బొంకు వెంటనే కూసిన కోడి ఇక్కడ కూయలేదు. మేస్టారి వేలు ఏ బటన్ మీద పడిందో, టీవీలో దేముడు మళ్ళీ “వేడి సమోసా” అని అరిచాడు. ఈసారి ఒకరిద్దరే నవ్వారు.

“అదీ సంగతి” అన్నాడు అప్పారావు, మోకాళ్ళ మీద చేతులేసుకుని. చెడ్డమనిషి కాదు. లెక్క తేలితే గానీ లేవని రకం. “తెలుగు సినిమాలో పడవే నేదు. ఇంగిలీసు డిస్కులో ఉంది. డిస్కు వచ్చి నెలైంది. ఇంటికాడ కూకోని పది సార్లు సూత్తే ఏ పిల్లకైనా వత్తాది ఆ డైలాగు. బాగానే సెప్పింది, కాదన్ను.”

జాయ్స్ మొహం తెల్లబోయింది. ఆ పిల్ల బాధ వీధి నవ్వినందుకు మాత్రమే కాదని వరదానానికి తెలుసు. తన గొంతు పనికిరాక కంపెనీవాళ్ళే ఆ ముక్క తీసి పారేశారని ఆమె నమ్మింది. ఆ తరవాత మద్రాసు నుంచి రెండుసార్లు పిలిచినా వెళ్ళలేదు. గుళ్ళో పాడడం కూడా మానేసింది. ఇప్పుడు జ్ఞానతండ్రే అందరి ముందూ ఆ మాటకి ముద్ర వేశాడు.

అప్పుడు లూర్దు మేరీ లేచింది.

“నా పిల్లనేటీ అనకండి” అంది. “అది అబద్ధం ఆడనేదు. నేనాడేను. మెడ్రాసు ఎల్లొచ్చింది కదా, గొప్పగా ఉంటాదని నేనే కల్పించి వీధంతా సెప్పేను. తల్లి మాట తీసెయ్యనేక అది నోరు మూసుకుంది. తప్పు నాది. ఇక్కడితో ఒగ్గీండి.”

“అమ్మా!” అంది జాయ్స్. తల్లి ఆమె వైపు చూడలేదు. ఆ పిల్ల జనాన్ని తోసుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. చెప్పులు గోడ వారనే ఉండిపోయాయి.

వరదానం లేచాడు. “కాదు” అన్నాడు. కుర్చీ టక్కుమంది. అందరూ ఒక్కసారే లేస్తున్నారు, ఆ మాట ఎవరికీ వినపడలేదు. నిజం చెప్పాలంటే, వినపడేటట్టు అనలేదు కూడా.

*

లూర్దు మేరీని బెల్లం మార్కెట్ దాటాక అందుకున్నాడు. కూతురి చెప్పులు చేత్తో పట్టుకుని వడివడిగా నడుస్తోంది. ఎండ ఇంకా గోడల మీద ఉంది.

“లూర్దూ! ఆగు.”

“తర్వాత మాటాడదామన్నయ్యా. పిల్ల ఎటెళ్ళిందో సూడాల.”

“ఆ ముక్క నా దగ్గరుంది.”

ఆమెకి అర్థం కాలేదు. వరదానం జేబులోంచి ఫిల్ము తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వాలుతున్న ఎండకి ఎత్తి చూసింది. గోరంత పడవ. గోరంత ముసల్ది. ఆరు బొమ్మల్లోనూ నోరు తెరిచే ఉంది.

“ఇందులో... అమ్మ గొంతుందా?”

“ఈ పక్కన అంచుకి సన్న గీతలు వంకర్లు తిరిగున్నాయి సూడు. అదే గొంతు. జాయ్స్‌ది.”

ఆ గీతల మీద బొటనవేలు ఆనించింది. తరవాత ఒక్కొక్క మాటే వచ్చింది. “నువ్వా కోసింది?”

“రోలుగుంట కోత. అదని తెలీక కోసేను.”

“తెలీకే కదా.” ఆమె మొహంలో కాస్త ఊరట కనపడింది. అన్నని నిలబెట్టుకోవడానికి ఏదో ఒక పట్టు దొరికినట్టు. “కోసి, మళ్ళీ అంటించడం మర్సిపోయేవు. అంతేనా? మర్సిపోయేవు కదన్నయ్యా?”

తలుపు తెరిచి రమ్మంటోంది. ఔనంటే చాలు, వదిలేస్తుంది. జీవితంలో వరదానానికి అంత సులువైన అబద్ధం ఇంకోటి దొరకదు.

“నేదు” అన్నాడు. “మర్సిపోనేదు. మిగతా మూడు నిమిషాలూ అంటించేను. ఇది అంటించి పంపితే పై ఊళ్ళో జనం సూత్తారు, ‘అనకాపల్లిలో ఎందుకు నేదు’ అని ఎవడో అడుగుతాడు, నీకు తెలిసిపోద్దని దాచేను. ఇది దాని కొస. మిగతాదంతా కేబిన్లో, బిస్కట్ల డబ్బాలో ఉంది.”

సైకిలు మీద ఎవరో గంట కొట్టుకుంటూ పోయారు. లూర్దు మేరీ పక్కకి జరగలేదు. సైకిలే జరిగింది.

“ఇందాక నేను అంతమందిలో నిలబడి నా మొహాన నేనే ఉమ్మేసుకున్నప్పుడు, ఇది నీ జేబులో ఉందా?”

“ఉంది.”

ఆమె ఫిల్ము ముక్క పిడికిట్లో మూసి, చెప్పులు చంకలో పెట్టుకుని, “నాకు సెప్పి ఏటి లాభం?” అంది. “పద. దానికి సెప్పు.”

ఇంటికి వెళ్తే తాళం. తాళం చూస్తూ నిలబడ్డ వరదానానికి ఒక సంగతి తట్టింది. చర్చి హాల్లో అందరూ అతని మొహం చూశారు. జాయ్స్ చూసింది అతని చెయ్యి. చిన్నప్పుడు ఆ పిల్ల కేబిన్లోకి వస్తే, బిస్కట్ల డబ్బాలోని ముక్క ఫిల్ములు చొక్కా జేబులో దాచి, ఇంద్రజాలంలా తీసి ఇచ్చేవాడు. జేబు మీదికి చెయ్యి ఎందుకు వెళ్తుందో ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. ఆ డబ్బా ఎక్కడుంటుందో కూడా.

*

బెల్లం హాలు దగ్గరికి వచ్చేసరికి ఆరైంది. గేటు ముందు ఫస్ట్ షో జనం. రోలుగుంట వైపు నుంచి వచ్చిన వాళ్ళు సంచులతో సహా వరసలో ఉన్నారు. మేట్నీ వేసిన అసిస్టెంటు సత్తియ్య టీకి పోయినట్టున్నాడు. ఇనుప మెట్ల పైన కేబిన్ తలుపు ఓరగా తీసి ఉంది.

జాయ్స్ స్టూలు మీద కూర్చుని ఉంది. పాదాలకి దుమ్ము. మూత తీసిన బిస్కట్ల డబ్బా పక్కన. నాలుగు నిమిషాల పడవ, మూడొందల అరవై అడుగుల ఫిల్ము ఒళ్ళో, నేల మీద, చేతుల చుట్టూ. చివర ఒకటి కిటికీ వెలుతురుకి పట్టి చూస్తోంది.

“మావయ్యా” అంది, తలెత్తకుండానే. “దీనికి మొదలు ఏ పక్క?”

వరదానం వంగి వేలితో చూపించాడు. “ఇటు.”

“అయితే ఎక్కించు.”

“ఇప్పుడా? కిందన జనం...”

“జనం ఉండాలనే.”

“నూకరాజు గారు కౌంటర్లోనే ఉన్నాడమ్మా. కోసిన ముక్క ఊళ్ళో ఉండిపోయిందని తెలిస్తే హాలు మాట పోద్ది. నన్ను ఈ మెట్లెక్కనివ్వడు.”

జాయ్స్ అప్పుడు తలెత్తి చూసింది. గుమ్మంలో ఉన్న లూర్దు మేరీ ముందుకి వచ్చి, పిడికిలి విప్పి, చెమటకి తడిసిన ఆరు బొమ్మల్నీ బల్ల మీద పెట్టింది.

“ఇదీ అంటించన్నయ్యా. దాని మాటలో ఒక్క పొల్లు కూడా తగ్గకూడదు.”

కిందన మొదటి బెల్లు మోగింది. గేటు తీశారు, కుర్చీలు దబదబమన్నాయి. వరదానం సొరుగు లాగి అదే కత్తెర తీశాడు. ముక్క అంచు సరిచేసి అతుకు వేశాడు. చూపుడువేలితో నొక్కి పట్టి, పట్టు కుదిరే దాకా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. ఫిల్ము మొదలు మిషన్ పళ్ళలోకి జొనిపాడు. ఫిల్ము ఇంకా సగం దారే ఎక్కింది.

రెండో బెల్లు మోగింది.

ఇనుప మెట్ల మీద కిర్రుమంటూ చెప్పుల చప్పుడు పైకి వస్తోంది. సత్తియ్య వట్టికాళ్ళతో ఎక్కుతాడు. కిర్రుచెప్పులు ఆ హాల్లో నూకరాజు గారొక్కరికే ఉన్నాయి.